పోలరైజర్ సున్నా దగ్గర

జూలై 6, సిరోంచ

థీసిస్ రాయడానికి ఇంటికొచ్చి పది రోజులు. ల్యాబ్‌లో ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావని ఇవాళ అమ్మ అడిగింది. సబ్బునీళ్లలో రంగు కలిపి, లేజర్ కొట్టి, ఆ రంగు ఎంతసేపు వెలుగుతుందో కొలుస్తామన్నాను. ఎంతసేపంటే, సెకనును వంద కోట్ల ముక్కలు చేస్తే అందులో నాలుగు. "గంత దానికి ఆరేండ్లా!" అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

జూలై 7, మధ్యాహ్నం

పాత ఫైళ్లు తెరిచాను. రెండేళ్ల కిందటివి, నా జూనియర్ ప్రణాలి శాంపిళ్లు. కొలిచింది నేను. లాగ్‌బుక్ ఫొటోలో నా చేతిరాత: పోలరైజర్ 0.

కాంతిని ఒక దిశలోనే వదిలే ఆ బిళ్ల 54.7 డిగ్రీల దగ్గర ఉండాలి. లేకపోతే మిసెల్ అనే సబ్బు గుళికలో రంగు అణువులు తిరగడం కూడా లెక్కలో కలిసి, లేని లైఫ్‌టైమ్, అంటే వెలుగు నిలిచే కాలం, ఇంకొకటి పుట్టుకొస్తుంది. ముందు రోజు నా ప్రయోగం కోసం సున్నాకు తిప్పాను. వెనక్కి తిప్పలేదు.

ఆ వారమంతా ప్రణాలి గ్రాఫుల్లో రెండో లైఫ్‌టైమ్. రంగులో మలినం ఉందన్నారు మా గైడ్ సార్. ఆమె మూడుసార్లు శుద్ధి చేసి తెచ్చింది. మూడుసార్లూ అదే. అందరూ ఉన్న మీటింగ్‌లో, తన చేతిలో శుభ్రత లేదేమో సార్ అన్నది నేను. జిమల్‌గట్ట పిల్ల, మనవైపు పిల్ల అని ల్యాబ్‌లో చేర్పించిందీ నేనే.

ప్రణాలి దీపావళికి ఇంటికి వెళ్లింది. మళ్లీ రాలేదు.

జూలై 8

అణువుల తిరుగుడు లెక్కలోకి తీసుకుని ఆమె గ్రాఫులను మళ్లీ ఫిట్ చేశాను. ఒకటే లైఫ్‌టైమ్. ఆమె రంగు శుభ్రంగానే ఉంది.

జూలై 12

వాన. జిమల్‌గట్టకు బస్సులు లేవు. ప్రణాలి ఫోన్ నంబరు ఉంది. చేయలేదు.

జూలై 16

జిమల్‌గట్ట వెళ్లాను. ప్రణాలి అక్కడి ఆశ్రమశాలలో సైన్స్ చెబుతోంది. వరండాలో నిలబడే అంతా చెప్పేశాను. "నా చేతులే మంచిగ లెవ్వనుకున్న అక్కా" అంది. "ఇంట్ల బియ్యం కడగాలన్నా ముందుగాల చేతులే మళ్ల మళ్ల కడుగుతుంటి."

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. సార్‌కు చెప్పినవా అని అడిగింది. లేదన్నాను.

"మరి ముందుగాల నా దగ్గరికెందుకొచ్చినవ్?" అంది. ఇగ క్లాసున్నదని లోపలికి వెళ్లిపోయింది.

బస్సులో కూర్చుని ఆలోచిస్తే జవాబు దొరికింది. రాయను, సిగ్గుగా ఉంది.

జూలై 17, ఉదయం

ఆ రోజు మీటింగ్‌లో ఉన్న అందరికీ మెయిల్ పెట్టాను. తప్పు నాది, ప్రణాలిది కాదు అన్నది మొదటి వాక్యం. గంటలో సార్ ఫోన్. ఆ వారం కొలిచినవీ, వాటి మీద కట్టిన నా లెక్కలూ అన్నీ మళ్లీ చేయాలట. నా థీసిస్ ఏడాది వెనక్కి. సరే అన్నాను. ప్రణాలిని మళ్లీ తీసుకోమన్నాను. ఆమె రిజిస్ట్రేషన్ ఎప్పుడో రద్దయిందట.

జూలై 20

ఆ మెయిల్ ప్రణాలికి వాట్సాప్‌లో పంపాను. నీలి టిక్కులు పడ్డాయి. ఇంకేమీ రాలేదు. వస్తుందని ఎందుకు అనుకున్నానో.