ఎండలో చూడని షెడ్డు

చి. హేమమాలినీ, తోటలో చీనీకాయలు నిలవ పెట్టే షెడ్డుకు అడ్వాన్సు ఇవ్వలేదు, దిగులుపడకు.

ప్రొద్దుటూరులో ఇనుప షెడ్ల కంపెనీ మనిషి ఫోన్లో ఫోటోలు చూపించి, "ఎవరో వదులుకున్న ఆర్డరు సార్, సగం ధరకే ఇస్తాం. ఈపొద్దు సంతకం చేయకుంటే రేపుండదు" అన్నాడు. పెన్ను తీశాను. ఆ కంపెనీ ఉన్న బజారులోనే మీ అమ్మ ప్రతి చీరనూ అంగడి గడప దాటించి ఎండలో చూసేది. రెండో కొస నేను పట్టుకునేవాణ్ణి. "లైట్ల కింద అన్నీ పట్టుచీరలేనప్పా" అనేది అంగడాయనతో. అది గుర్తొచ్చి, "మీరు కట్టిన షెడ్డు యాడన్నా ఒకటి చూపించప్పా" అన్నాను. "మాపైన నమ్మకం లేదా సార్?" అన్నాడు. లేచి వచ్చేశాను.

బోరు మోటారు బాగైందా? చెట్లకు తడి పెట్టించు. జమ్మలమడుగులో వేరే కంపెనీవాళ్లు కట్టిన షెడ్డు ఉందట. ఆదివారం చూడటానికి నువ్వు కూడా రా. అల్లుడికి ఆశీస్సులు చెప్పు. మీ అమ్మ పోయాక ఒక్కణ్ణే ఏదీ కొనలేకున్నాను.

నాన్న