అన్నం తినిపియ్యని కొలువు

మహబూబ్‌నగర్

ప్రియమైన బాపుకు,
నీ బిడ్డ నిరోష రాస్తున్న. కంకర మిషిన్ల పనికి చెవులు పోగొట్టుకున్నవ్, ఫోన్ల నా మాట నీకినవడదాయె. అందుకే రాస్తున్న.

మంచాన పడ్డ ముసలోళ్లను సూసుకునే కోర్సు అయిపోయింది. సోమవారం ఇంటర్వ్యూ. హైదరాబాద్ల పక్షవాతమొచ్చిన ఒక పెద్దామె ఉన్నదంట, ఆమె కొడుకే వచ్చి మాట్లాడ్తడంట. నా రూమ్‌ల ఉండే సుహాసిని రోజూ రోగి లెక్క పండుకుంటది. పక్కకు తిప్పుడు, పక్కబట్ట మార్చుడు దాని మీదనే నేర్చుకుంటున్న. అదేమో నిజంగనే నిద్రవోతది.

పని వచ్చు బాపూ, ప్రశ్నలకే భయం. ఇంతకుముందు పోయినకాడ పేరడిగి, ఊరడిగి, నాయినేం జేస్తడని అడిగి, మళ్ల ఫోన్ జేస్తమన్నరు. ఎవ్వలు జెయ్యలె. ఏమోళ్లు, ఏం కులమని అడిగితె వేరేది చెప్పు, ఎవలకెరుక అంటది సుహాసిని. ఏం జెప్పాలె?
నీ నిరోష

కేతేపల్లి

నా బంగారు బిడ్డకు బాపు దీవించి రాసేది,
మంచిగనే ఉన్న. గాలయ్య మేకలు కాస్తున్న. వానల్లేవు, పత్తి మాడుతున్నది.

అడిగితె మాదిగోళ్లమనే చెప్పు. అబద్ధం జెప్తె ఎన్నడు బయటవడతదో అని ఆ ఇంట్ల రోజూ బుగులుతోని బతకాలె. కంకర దుమ్ముల మేమందరం ఒక్క తీరుగనే కనవడేది. నీళ్ల కుండకాడికి పోతేనే ఎవలెవలో తెలిసేది. మంచాన పడ్డ మనిషి గట్ల సూడదనుకుంటున్న. ఆ దినం ఉపాసం పోకు.
నీ బాపు, నర్సింహ

మహబూబ్‌నగర్

బాపూ,
ఇంటర్వ్యూ అయ్యింది. సుహాసినిని లేపి కుర్చీల కూసోవెట్టి సూపెట్టిన. పెద్దామె కొడుకు మంచిగున్నదన్నడు. ఎనక ఏమోళ్లని అడిగిండు. నువ్వు చెప్పినట్టె చెప్పిన. జరసేపు ఫోన్ల సూస్కుంట కూసున్నడు.

"పని బాగా వచ్చు నీకు. కానీ మా అమ్మ పాతకాలం మనిషి. స్నానం, పక్కబట్టలు నువ్వు చూడు. అన్నం మాత్రం వంటమనిషి తినిపిస్తుంది" అన్నడు.

కోపం జేసి అనలె బాపూ, మంచిగనే అన్నడు. అదే తట్టుకోలేకపోయిన. రేపు చెప్తనన్న. ఇది వదులుకుంటె ఇంకోటి యాడ దొరుకుతదని కోర్సు సారు అంటున్నడు.
నిరోష

కేతేపల్లి

బిడ్డా,
పోవద్దు. ఈడికే రా. వచ్చి ఏం జెయ్యాలె అని అడగకు, ఈడ ఏం లేదు. అయినా రా.
బాపు

హైదరాబాద్

బాపూ,
నీ ఉత్తరం సుహాసిని ఈడికి పంపింది. అప్పటికే కొలువుల చేరిన.

పెద్దామెకు మాట లేదు. కండ్లతోనే అన్ని చెప్తది. తల దువ్వుతుంటె నా చెయ్యి వట్టుకుంటది, ఇడువదు. ముడ్డి కడుగుతున్న, గోర్లు తీస్తున్న. వంట జేసే రామమ్మ వచ్చి తినిపిస్తది.

నిన్న రామమ్మ బిడ్డకు జరమొచ్చి దవాఖానకు పోయింది. పొద్దు వాలింది. జావ గిన్నె పొయ్యి మీదనే సల్లారింది. పెద్దామె నా దిక్కు సూసి నోరు తెరిచింది. ఆమె కొడుకుకు ఫోన్ జేసి, ఆకలైతున్నట్టున్నది, నేను తినిపియ్యాల్నా అని అడిగిన. "రామమ్మ వచ్చేదాకా ఆగు" అన్నడు.

పాతకాలం మనిషి ఆమె కాదు బాపూ.

గిన్నె తీసుకుంటె అడిగేటోళ్లెవ్వలు లేరు ఇంట్ల. కొలువు పోతదని తీసుకోలె. ఆమె పక్కకు కూసున్న. ఆమె ఇంకోపాలి నోరు తెరిచింది. తర్వాత మూసుకొని, గోడ దిక్కు మొఖం తిప్పుకున్నది.
నీ నిరోష