పద్నాలుగో ప్రశ్నకు రెండు జవాబులు

పరీక్షల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: దేశ మాజీ అధ్యక్షుడి పాఠంపై పద్నాలుగో ప్రశ్నకు రెండు జవాబులకూ గుర్తు పెట్టి, ఒక్క మార్కు తక్కువై తప్పిన విద్యార్థిని పేపరును మళ్ళీ దిద్దించుట గురించి.

నేను ఇరవై ఎనిమిదేళ్ళుగా పదో తరగతికి చరిత్ర చెబుతున్న ఉపాధ్యాయుడిని. ఈ విషయమై తమరికి ఇది నా మూడో అర్జీ. మొదటి రెండింటికీ "అందినది" అని జవాబు వచ్చింది. అందినందుకు సంతోషం.

1. సదరు అధ్యక్షుడు పదవిలో ఉండగా పుస్తకంలో ఆయన మీద ఒక పాఠం ఉండేది. దిగిపోయాక అది ఒక పేరా అయింది. పోయాక మళ్ళీ పాఠమైంది. మారినప్పుడల్లా శిక్షణ తరగతికి వెళ్ళి, టీ తాగి, సంతకం పెట్టి వచ్చినవాడిని నేనే. కావున ఆయన మీద నాకు ప్రేమా లేదు, పగా లేదు. ఓపిక కూడా లేదు.

2. నేను ఈ పాఠం చెప్పే పద్ధతి ఏమనగా, బోర్డు మధ్య నిలువు గీత గీసి ఎడమ పక్క ఆయన చేసిన మేలు, కుడి పక్క చేసిన కీడు రాస్తాను. పీరియడు నలభై నిమిషాలే కనుక సోమవారం మేలు, మంగళవారం కీడు. ఈ ఏడు సోమవారం నాటి బోర్డును ఎవరో ఫోటో తీయగా, నేను ఆయన భజన చేస్తున్నానని ఒక ఫిర్యాదు వెళ్ళింది. మంగళవారం నాటి ఫోటో చూసి, పోయినవాడిని తిడుతున్నానని ఇంకొకటి. రెండు మెమోలూ ఒకే కవరులో వచ్చాయి. సంజాయిషీలు మాత్రం వేరువేరుగా పంపమన్నారు. మొదటిదానికి రెండో ఫోటో, రెండోదానికి మొదటి ఫోటో జతచేసి పంపాను.

3. ఇక అసలు మనవి. పద్నాలుగో ప్రశ్నకు ఆయన పాలన దేశానికి మేలు చేసిందనో, కీడు చేసిందనో ఏదో ఒక్క గడిలోనే గుర్తు పెట్టాలి. పోయిన ఏడాది దాకా సరైన జవాబు మేలు. ప్రభుత్వం మారాక కీడు. మా విద్యార్థిని రెండు గడుల్లోనూ గుర్తు పెట్టింది. రెండు గుర్తులుంటే సున్నా అని తమరి నిబంధన. ముప్పై అయిదు రావలసిన చోట ముప్పై నాలుగు దగ్గర ఆగిపోయింది.

4. పిల్ల తెలియక పెట్టలేదు. వాళ్ళమ్మకు కాన్పు కష్టమైనప్పుడు, సదరు అధ్యక్షుడు పెట్టించిన ఆరోగ్య కేంద్రం వీధి చివరే ఉండబట్టి తల్లీబిడ్డా దక్కారు. ఆ బిడ్డే ఈ పిల్ల. వాళ్ళ పెదనాన్న అచ్చాఫీసులో పనిచేసేవాడు. అదే అధ్యక్షుడిని విమర్శించే కరపత్రం ఒకటి అచ్చువేసినందుకు మూడేళ్ళు లోపల పెట్టారు. తిరిగొచ్చాడు గానీ, ఇప్పటికీ తలుపు చప్పుడైతే లేచి నిలబడతాడట. అందరూ ఒకే పొయ్యి మీద వండుకుని తినే ఇల్లది. ఆ పిల్లను ఏ గడిలో పెట్టమంటారు?

5. పేపరు అంచున "రెండూ నిజమే, మా సార్ చెప్పారు" అని కూడా రాసింది. కనుక తప్పు నాది. నా ఇంక్రిమెంటు ఆపండి, ఏ మూలకైనా బదిలీ చేయండి, వెళ్తాను. పిల్ల పాస్ కాకపోతే వచ్చిన నర్సింగు సీటు పోతుంది. మా హెడ్మాస్టరు గారు "గోటితో పోయేదానికి గొడ్డలెందుకు మాష్టారూ, వచ్చే సోమవారం సప్లిమెంటరీలో మళ్ళీ రాయించెయ్యండి" అన్నారు. రాయించవచ్చు. కానీ అక్కడా అదే ప్రశ్న, అవే రెండు గడులు.

కావున ఆ ఒక్క మార్కు ఇప్పించి, అలసిపోయిన ఈ మనిషి చేత నాలుగో అర్జీ రాయించకుండా కాపాడే మార్గం చిత్తగించవలెను.

తమ విధేయుడు,
చరిత్ర ఉపాధ్యాయుడు,
పదో తరగతి, బి సెక్షను

తా.క.: దీన్ని కవరులో పెడుతుండగా ఆ పిల్ల స్టాఫ్‌రూము గుమ్మం దగ్గరికి వచ్చింది.

"సార్, సోమవారం మళ్ళీ రాయాలి కదా. ఈసారి ఏది పెట్టమంటారు?"

సీటు గుర్తొచ్చి, "కీడు అని పెట్టెయ్యమ్మా" అన్నాను.

పాఠం జరిగినన్నాళ్ళూ ఎందుకు సార్, ఎలా సార్ అని నా గొంతు ఎండగొట్టిన పిల్ల ఇప్పుడు ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. "సరే సార్" అని వెళ్ళిపోయింది. అయ్యా, నాకు చాలా సిగ్గేసింది. ఆదివారంలోగా తమరి జవాబు వస్తే, వాళ్ళింటికి నడిచి వెళ్ళి, నేను చెప్పింది తప్పని చెప్పి వస్తాను. రాకపోతే పిల్ల పాసవుతుంది.