పావురాల పెర్ల్ ఎవరి సొత్తు?

న్యూయార్క్ నగరం, బ్రాంక్స్, క్రెస్టన్ అవెన్యూ, నాలుగో అంతస్తు. 1970 నవంబరు 30, సోమవారం నాడు మొదలుపెట్టినది.

నా తదనంతరం ఈ కాగితం చదవబోయే వారికి, ముఖ్యంగా చదవకుండానే పోట్లాడబోయే వారికి:

కీర్తిశేషులు బెరెల్ క్లెబనాఫ్ కుమారుడు హైమన్ క్లెబనాఫ్ అనే నేను, వయస్సు డెబ్బై మూడు, పూర్వవృత్తి కామిక్ పుస్తకాల ప్రచురణ, స్థిరబుద్ధితో, ఎవరి బలవంతమూ లేకుండా, నా సొంత టైపు మిషను మీద నేనే కొట్టుకున్న ఆఖరి వీలునామా ఇది. గుండె చెడిందని డాక్టరు అంటున్నాడు. బుద్ధి మాత్రం చెడలేదు. అది చెడవలసినంతా 1939 నుంచి 1957 దాకా చెడింది. ఆ సంగతి కింద వస్తుంది.

లాయరు ఫైన్‌గోల్డ్ చిత్తుప్రతి చూసి తల పట్టుకున్నాడు. "హైమన్ గారూ, ఎవరికి ఏమిస్తున్నారో రాయండి చాలు. ఎందుకిస్తున్నారో మిమ్మల్ని ఎవరడిగారు?" అన్నాడు. ఎవరూ అడగలేదు. ముప్పై ఏళ్ళుగా ఒక్కడూ అడగలేదు. అందుకే రాస్తున్నాను.

1. ఈ వీలునామా అమలు బాధ్యత నా బావమరిది మ్యానీ ఫిష్‌బైన్ కూతురు రోస్‌లిన్‌ది. నా భార్య కీర్తిశేషురాలు ఫ్రీడా ఈ పిల్లని చేతుల మీద పెంచింది. తండ్రి పోలిక ఒక్క ముక్కులోనే వచ్చింది, అదృష్టవంతురాలు. ఈ ఇంట్లోని సామానూ, బ్యాంకులో మిగిలినదీ, ఫ్రీడా టీ కాచే సమోవరూ రోస్‌లిన్‌కి చెందవలెను. సమోవరు కారుతుంది. మాట్లు వేయించకు, కింద గిన్నె పెట్టుకో. మీ అత్తయ్య అలాగే వాడింది. ఇంకొక మాట: వీలునామాలో ఏదైనా పొందే మనిషి సాక్షి సంతకం చేస్తే ఆ మనిషికిచ్చింది చెల్లదట. కాబట్టి రోస్‌లిన్, సంతకాల వేళకి నువ్వు వంటింట్లో ఉండు.

2. మూడో అంతస్తు మిసెస్ డఫీకి నా రేడియో. పదేళ్ళుగా చీపురుకర్రతో కప్పు పొడుస్తూ "తగ్గించవయ్యా మహానుభావా!" అని అరిచింది. ఇక ఎంత తగ్గించుకుంటుందో ఆవిడ ఇష్టం.

3. ప్రస్తుతం మయామీలో ఎండ కాచుకుంటున్న సదరు మ్యానీ ఫిష్‌బైన్‌కి నేను దఖలు పరుస్తున్నది 'హెన్‌హౌస్ మంత్లీ' పాత సంచికల బైండు, ఆరు సంపుటాలు. కోళ్ళ పెంపకం గురించి అతనికి ఏమీ తెలియదు. నాకూ తెలియదు. అయినా యుద్ధకాలంలో మేమిద్దరం ఆ పత్రికకి యజమానులం. ఎందుకో చెబుతాను.

1939లో నేను ఈ వీధి పేరే పెట్టి క్రెస్టన్ ఫీచర్స్ అనే కంపెనీ తెరిచాను. 1941లో ప్రెస్సువాడితో పేచీ వచ్చి దాన్ని చట్టప్రకారం మూసేశాను. మర్నాడే అదే గదిలో, అదే బల్ల మీద, ఫ్రీడా పేరన ఇంకొకటి తెరిచాను. ఫ్రీడా పబ్లికేషన్స్ అంటే వంటింట్లో చేపలు తోముతున్న ఫ్రీడాయే. "సంతకం ఎక్కడ పెట్టాలో చెప్పి తగలడు, చేతులు తడిగా ఉన్నాయి" అనేది. ఇంతలో యుద్ధం వచ్చింది, కాగితానికి కోటా వచ్చింది. అంతకు ముందు ఎవరెంత కాగితం వాడారో అంతకు లోబడే ఇచ్చేవారు. మాకు చాలలేదు. అప్పుడు మ్యానీ పరుగెత్తుకుంటూ వచ్చాడు. "బావా, కోళ్ళ పత్రికొకటి మూతబడేలా ఉంది. కోళ్ళు మనకెందుకు? కాగితం కోటా మనకి కావాలి. కొనేద్దాం!" అన్నాడు. కొన్నాం, మ్యానీ పేరన. 1943 మార్చి 11న మా బొమ్మల కథల నాయిక పావురాల పెర్ల్ మొదటి కథ బజారులోకి వచ్చినప్పుడు లోపలి పేజీ అడుగున ప్రచురణకర్తలుగా అచ్చయింది హెన్‌హౌస్ మంత్లీ కంపెనీ.

మా తలుపు మీద రెండు బోర్డులుండేవి. ఫోను మోగితే మ్యానీ ఎత్తి, "ఏ కంపెనీ కావాలండీ?" అని అడిగేవాడు. నవ్వుకునేవాళ్ళం. నవ్వింది చాలు.

4. సంచికలు పోగేసే కుర్రకారు ఈ మధ్య నాకు ఉత్తరాలు రాస్తున్నారు. వారికి నేనిచ్చేది ఏమీ లేదు, ఒక్క జవాబు తప్ప. 'పావురాల పెర్ల్' ఒకటో సంచిక నా దగ్గర లేదు. ఎవరి దగ్గరా లేదు. అది ఎప్పుడూ లేదు! కొత్త పత్రిక అంటే తక్కువ టపా ఖర్చుకి పోస్టాఫీసులో కొత్త అనుమతి. ఆ తిరుగుడు పడలేక, ఆగిపోయిన మా డిటెక్టివ్ పత్రిక అనుమతి మీదే నడిపించాం. దానివి పదమూడు వచ్చాయి, కనుక పెర్ల్ పధ్నాలుగుతో మొదలైంది. యాభై ఒకటో సంచిక నుంచి అదే వరసలో ప్రేమకథలు, అరవై నాలుగు నుంచి గుర్రాల కథలు. అయ్యా, ఇక రాయకండి.

5. ఈ వీలునామా రాయడానికి అసలు కారణం ఈ అంశమే. బ్రూక్లిన్, నికర్‌బాకర్ అవెన్యూలో ఉంటున్న అసుంటా కార్బోన్‌కి, పావురాల పెర్ల్ అనే పాత్రా, ఆమె కథలూ, ఆమె మేడా, ఆమె పావురాలూ, సర్వహక్కులతో, పుత్రపౌత్ర పారంపర్యంగా ఇందుమూలంగా దఖలు పరుస్తున్నాను.

మగవాళ్ళంతా సైన్యంలోకి పోయిన రోజుల్లో అసుంటా మా మెట్లెక్కి వచ్చింది. ఇరవై ఒక్క ఏళ్ళు, చంకలో బొమ్మల అట్టలు, కోటు మీద పావురం రెట్ట. తండ్రి మేడ మీద పావురాలు పెంచేవాడు. ఎదుటి మేడవాడి గుంపులోంచి ఒక పావురాన్ని తన గుంపులోకి కలుపుకుంటే అది ఇక తనదేనట; వాళ్ళ పేటలో అదే న్యాయం. ఆ పిల్ల గీసిన పెర్ల్ కూడా మేడల మీద బతికే పిల్లే. ముసుగు లేదు, కండలు లేవు. ఈల వేస్తే వీధి వీధంతా పావురాలు లేచేవి, దొంగలకి దారి కనపడేది కాదు. మొదటి పేజీ చూడగానే నా ఒళ్ళు జలదరించింది. పైకి మాత్రం, "ఫరవాలేదు అమ్మాయీ, శుక్రవారానికి పన్నెండు పేజీలు తే" అన్నాను. అంతకన్నా మంచి మాట ఒక్కటైనా ఆమెతో అన్నానా? లేదు.

1947లో ముసుగువీరుల గిరాకీ పడిపోయింది. మ్యానీ కొత్త ఊహతో వచ్చాడు: పెర్ల్‌కి పెళ్ళి చేద్దాం, పావురాలని తీసేద్దాం. అసుంటా నా బల్ల ముందు నిలబడి, "నచ్చకపోతే ఆపేయండి. పావురాల్ని తీసేసి దాన్ని పెర్ల్ అనకండి. నా పిల్లని నాకిచ్చేయండి, నేను పోతాను" అంది.

నేనేమన్నానో ఇక్కడ రాయాలి. "చెక్కు వెనక సంతకం పెట్టావుగా అమ్మాయీ" అన్నాను. మా వ్యాపారంలో అందరూ చేసే పనే అది. బొమ్మలు గీసినవాళ్ళకి వేరే ఒప్పందం ఉండదు. చెక్కు వెనక రబ్బరు స్టాంపు గుద్దుతాం: ఈ బొమ్మల హక్కులన్నీ ఫలానా కంపెనీకి అమ్మడమైనది అని. దాని కింద సంతకం పెడితేనే చెక్కు మారుతుంది. ఆమె కుంచెలు ఏరుకుని, నా బల్ల మీది సిరాబుడ్డి మూత బిగించి మరీ వెళ్ళింది. అప్పటి నుంచి దుకాణాల కేటలాగులకి టోపీల బొమ్మలు గీసి బతికింది. నేను రాసిన నాలుగు ఉత్తరాలూ విప్పకుండానే తిరిగొచ్చాయి.

ఆ తరవాత తొమ్మిదేళ్ళు నేనూ మ్యానీ కోర్టులో కొట్టుకున్నాం. పెర్ల్ హెన్‌హౌస్‌దని అతను, ఫ్రీడాదని నేను. ఇద్దరం కలిసి రెండు కంపెనీలనీ, ఒక చుట్టరికాన్నీ నాశనం చేసుకున్నాం. జడ్జి విసిగిపోయి చెరి సగం అన్నాడు. పావురాల గుంపుని కోడిపుంజులు పంచుకున్నట్టయింది.

ఇప్పుడు తొందరేమిటంటే, మొదటి అచ్చు నాటి నుంచి ఇరవై ఎనిమిదేళ్ళు నిండేలోగా, అంటే వచ్చే మార్చి 11 లోగా, హక్కుదారు దరఖాస్తు పెట్టి కాపీరైటు పొడిగించుకోవాలి. లేకపోతే ఆ మొదటి కథ ఊరందరి సొత్తు, దారినపోయే ప్రతివాడూ పెర్ల్‌ని గీసుకోవచ్చు. మ్యానీ అప్పుడే ఫారం తెప్పించుకున్నాడట. టెలివిజన్ వాళ్ళెవరో అడిగారట, పావురాల బదులు కుక్కపిల్లని పెడతారట. వినగానే నా గుండె మళ్ళీ ఒకసారి తప్పింది.

కనుక నా సగం, పోరాడి మ్యానీ సగం కూడా, ఆమెకి దక్కాలి. నాదని రుజువు జతచేయమన్నాడు ఫైన్‌గోల్డ్. అందుకే పాత చెక్కులున్న చెప్పుల డబ్బాలు మంచం కింద నుంచి ఇప్పుడే లాగాను.

దేవుడా.

ఒకటి తిప్పి చూశాను. రెండోది తిప్పాను. మొత్తం నూట పన్నెండు చెక్కులు తిప్పాను. ప్రతిదాని వెనకా ఒకటే ముద్ర: హక్కులన్నీ క్రెస్టన్ ఫీచర్స్ వారికి అమ్మడమైనది. క్రెస్టన్ ఫీచర్స్! 1941లో నా చేతులతో నేను మూసేసిన కంపెనీ! పెర్ల్ పుట్టడానికి రెండేళ్ళ ముందే చచ్చిన కంపెనీ!

గుర్తుకొచ్చింది. కంపెనీ మారినప్పుడు మ్యానీ, "కొత్త స్టాంపు చేయించాలి బావా" అన్నాడు. "ఉన్నది అరిగిందా? చెక్కు వెనక ఎవడు చూస్తాడోయ్?" అన్నాను నేను. నిజమే, ఎవడూ చూడలేదు. తొమ్మిదేళ్ళు రెండు పక్షాల లాయర్లూ ఆ చెక్కుల ముందు వైపే చూశారు. ఫైన్‌గోల్డ్‌కి ఫోను చేశాను. ముద్రలో ఉన్నది రెండుసార్లు చదివించుకున్నాడు. తరవాత, "లేని కంపెనీకి ఎవరూ ఏమీ అమ్మలేరు హైమన్ గారూ. ఆవిడ అసలు అమ్మనే లేదు. మీకూ లేదు, మీ బావమరిదికీ లేదు" అన్నాడు.

ఇరవై ఏడేళ్ళుగా పెర్ల్ ఆమెదే! ఆమె సొమ్ము మీద మేమిద్దరం కోర్టుకెక్కాం. ఇప్పుడు నేను చచ్చాక ఆమెకి దానం చేస్తానని దర్జాగా కాగితం కొడుతున్నాను. నా మొహం మండ.

ఇక్కడి దాకా సోమవారం.

6. ఈరోజు గురువారం, డిసెంబరు 3. పై అయిదో అంశంలో దఖలు వాక్యాన్ని కొట్టివేశాను. మళ్ళీ టైపు చేసే ఓపిక లేదు, గీత పక్కన నా పొట్టి సంతకం ఉంది. నాది కానిది ఇవ్వడానికి నేనెవరిని? పైగా వీలునామా నా చావు కోసం ఆగుతుంది, మార్చి 11 ఆగదు. నా అదృష్టం తెలుసుగా, ఏప్రిల్ దాకా బతికి కూర్చుంటాను. అందుకని మంగళవారమే రోస్‌లిన్‌ని డబ్బాలతో సహా నికర్‌బాకర్ అవెన్యూకి పంపాను. "మామయ్యా, తలుపు తీయకపోతే?" అంది. మెట్ల మీద కూర్చుని చెక్కుల వెనక ఉన్నది గట్టిగా చదవమన్నాను. మూడోది చదివేసరికి తలుపు తెరుచుకుందట.

అసుంటా ఈ మధ్యాహ్నం వచ్చింది. నాలుగంతస్తులెక్కి, కుర్చీ చూపినా కూర్చోకుండా, నన్ను పై నుంచి కింది దాకా చూసింది. జుట్టు నెరిసింది. కోటు మీద పావురం రెట్ట అలాగే ఉంది.

"ఒక స్టాంపు చదవడానికి ఇన్నేళ్ళు పట్టిందా ముసలాయనా? సంతకం పెట్టినప్పుడల్లా పిల్లని అమ్ముకుంటున్నట్టే ఉండేది నాకు" అంది.

క్షమించమన్నాను. మొదటి పేజీ చూసిన రోజు నా ఒళ్ళు జలదరించిందని కూడా చెప్పాను. "ఆ మాట అప్పుడే అని ఉంటే సగం కోపం ఉండేది కాదు" అని ముఖం తిప్పుకుంది. క్షమించానని మాత్రం అనలేదు. అననక్కరలేదు. ఆ పాత రబ్బరు స్టాంపు ఆమె చేతికే ఇచ్చాను. దరఖాస్తు ఫారం నింపి ఈ బల్ల మీదే సంతకం పెట్టింది. ఫైన్‌గోల్డ్ రేపు పంపుతాడు. మ్యానీకి వేరే కబురు అక్కరలేదు, కోళ్ళ బైండుతో పాటు తెలుస్తుంది.

తరవాత సాక్షుల సంగతి వచ్చింది. ఈ భవనం కాపలాదారు ఒట్టో వచ్చి నిలబడ్డాడు. రెండో సాక్షిగా పిలుద్దామనుకున్న మిసెస్ డఫీ రేడియో పుచ్చుకుంటోంది కనుక పనికిరాదు. రోస్‌లిన్ వంటింట్లో ఉంది. అసుంటా ఈ కాగితాల కట్ట వైపు చూసి, "ఇందులో నాకేమైనా ఇచ్చారా?" అని అడిగింది.

ఏమీ లేదని చెప్పాను.

"అయితే ఆ పెన్ను ఇలా ఇవ్వండి" అంది.

పై ఆరు అంశాలూ నా ఇష్టపూర్వకంగా రాసుకున్నవే. ఇంతకు ముందు రాసిన వీలునామాలన్నీ, కోపంలో రాసిన రెండింటితో సహా, రద్దు.

తేదీ: 1970 డిసెంబరు 3, బ్రాంక్స్.

(సంతకం) హైమన్ క్లెబనాఫ్

మా ఎదుట సంతకం చేసినందుకు సాక్షులు:

1. ఒట్టో హ్రాబాక్, ఈ భవనం కాపలాదారు, కింది అంతస్తు.

2. అసుంటా కార్బోన్, నికర్‌బాకర్ అవెన్యూ, బ్రూక్లిన్. పావురాల పెర్ల్ నాది.