విడిచిపెట్టమని అడిగిన మధ్యాహ్నం

ప్రేమగల రూతక్కకు,

ఇంత దూరం నుంచి నీ చెల్లెలు సువార్త చేతులు జోడించి వందనాలు చెబుతోంది. దేవుని దయవల్ల నేను బాగున్నాను. అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? వనపర్తి దవాఖానలో ఇచ్చిన మందు రోజూ రాస్తున్నావా, లేక అమ్మ వద్దంటే ఊరుకుంటున్నావా? బావ ఆరోగ్యం, నీ కుట్టుమిషన్ ఆరోగ్యం రెండూ రాయి. ఆత్మకూరులో అప్పుడే ఎండలు ముదిరాయట కదా. ఇక్కడ ఇంకా స్వెట్టర్ విప్పలేదు. తిండికి, పనికి లోటు లేదు. నా గురించి దిగులు పెట్టుకోవద్దు.

మొన్న ఫోన్లో కోర్టు సంగతి మొదలుపెడితే నువ్వు ఆపేశావు. "జర ఆగు సువార్తా. గిదంత ఫోన్ల చెప్తే నాకు సగమే సమజైతది. నిమ్మళంగ కాయితం మీద రాయి, అమ్మకు సదివి ఇనిపిస్త" అన్నావు. ఈ రోజు నాకు సెలవు. పొద్దున్నే సముద్రం మీద నుంచి పొగమంచు వచ్చి వీధినంతా కప్పేసింది. ఎదురింటి తలుపు కూడా కనిపించడం లేదు. తెల్ల పక్షుల అరుపులు మాత్రం ఎక్కడి నుంచో వస్తున్నాయి. ఇలాంటి రోజుల్లో నేను ఇంగ్లండులో ఉన్నానో, మన జూరాల కాలువ గట్టు మీద ఉన్నానో నాకే సరిగా తెలియదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

చలికాలం మొదట్లో కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. కవరు మీద ముద్ర చూసి దాన్ని బల్ల మీద బోర్లా పెట్టేశాను. నేనేం తప్పు చేశానా అని పడుకుని ఆలోచించాను. తప్పు కాదట. మన దగ్గర జడ్జి ఒక్కరే విని తీర్పు చెబుతారు కదా. ఇక్కడ పెద్ద కేసులైతే పన్నెండు మంది మామూలు మనుషులను పిలిచి కూర్చోబెడతారు. కొట్లు నడిపేవాళ్లు, బడి టీచర్లు, నాలాంటి పనివాళ్లు, ఎవరైనా సరే. జ్యూరీ అంటారు. సాక్షులు చెప్పింది విని నేరం జరిగిందో లేదో వాళ్లే తేల్చాలి. శిక్ష సంగతి జడ్జి చూసుకుంటారు. ఓటర్ల జాబితాలోంచి చీటీలు తీసినట్టు పేర్లు తీస్తారు. నా పాస్‌పోర్టు మారకపోయినా మన దేశం వాళ్లకు ఇక్కడ ఓటు ఉంది. అలా నా పేరు వచ్చింది.

ఆ రోజే ఫోన్ చేస్తే నువ్వు అంగడికి పోయావు, అమ్మ ఎత్తింది.

"తీర్పు చెప్పేతందుకు మనమెవ్వరం బిడ్డా? పైనున్నోడు చెప్తడు. నువ్వు పోకు. జొరమొచ్చిందని చెప్పు" అంది.

"అబద్ధం చెప్పమంటవా అమ్మా?"

"గది అబద్ధమెట్లయితది? భయానికి జొరం రాదా ఏంది?"

నేను నవ్వాను కానీ ఆ మాట లోపల ఎక్కడో గుచ్చుకుంది. ఎందుకో అప్పుడు తెలియలేదు.

జ్వరమని రాయలేదు. నేను ఈ దేశస్థురాలిని కాను, నా ఇంగ్లీషు అంతంతమాత్రం, దయచేసి నన్ను మినహాయించండి అని రాశాను. నేను పనిచేసే ముసలివాళ్ల హోమ్ మేనేజరు కూడా మనుషులు తక్కువగా ఉన్నారని ఒక ముక్క రాసింది. ఇప్పుడు కాకపోతే చలి తగ్గాక రండి, అంతేగానీ విడిచిపెట్టలేం అని జవాబు వచ్చింది. హోమ్‌లో నేను అన్నం తినిపించే డోరతి అనే ముసలమ్మకు ఈ సంగతి తెలిసి, అప్పటి నుంచి రోజూ పొద్దున, "ఏమ్మా, ఇవాళ ఎవరిని ఉరి తీస్తున్నావు?" అని అడగడం మొదలుపెట్టింది. ఇక్కడ ఉరి లేదని చెప్పినా వినదు.

చివరికి ఆ రోజు రానే వచ్చింది. కోర్టు సముద్రానికి దగ్గరలోనే, పాత రాతి మేడ. మమ్మల్ని ఒక పెద్ద హాలులో కూర్చోబెట్టారు. నీకు చెబితే నవ్వుతావు, అది అచ్చం ఆత్మకూరు బస్టాండులో వనపర్తి బస్సు కోసం ఎదురుచూసినట్టే ఉంది. అరుపుల్లేవు, పల్లీలమ్మేవాళ్లు లేరు, అంతే తేడా. ఒకామె ఊలు అల్లుతోంది. ఒక పెద్దాయన గోడకు తల ఆనించి నిద్రపోతున్నాడు. బల్ల మీద ముక్కలు కలిపితే బొమ్మయ్యే ఆట పెట్టారు. ఎవరో సగం కలిపి వదిలేశారు, ఆకాశం ఉంది, ఇల్లు లేదు. వెచ్చదనానికి నాకూ కళ్లు మూతపడ్డాయి. పల్లి చేనులో నాయన నా ముందు నడుస్తున్నాడు, తల మీద తువ్వాలు. పిలుస్తున్నా వెనక్కి తిరగడం లేదు. ఇంతలో ఎవరో నా పేరు పిలిచారు. 'సువాటా' అన్నారు. ఎవరిదో అనుకున్నాను. రెండోసారి పిలిస్తే లేచాను.

కోర్టు గదిలో అద్దాల గూడులాంటి చోట ఒక మనిషి నిలబడి ఉన్నాడు. నలభై దాటి ఉంటాయి, ఇస్త్రీ చేసిన చొక్కా, ఎండకీ గాలికీ కమిలిన మొహం. చేపలు పట్టేవాడు. అతనూ అతని అన్నా తండ్రి వదిలిపోయిన పడవ విషయంలో గొడవపడ్డారట. పడవలు ఆగే చెక్కల కట్ట మీద తమ్ముడు తోస్తే అన్న నీళ్లలోకి పడి కాలు విరిగిందని కేసు. కావాలని చేసిన దెబ్బ అని తేలితే తమ్ముడు జైలుకు పోతాడు.

అన్నదమ్ముల మధ్య నేనా? ఒక్కొక్కరి చేత ప్రమాణం చేయించబోతుంటే నేను లేచి నిలబడ్డాను. జడ్జి నడివయసు ఆవిడ, తల మీద తెల్లటి పెట్టుడు జుట్టు.

"అమ్మా, నన్ను విడిచిపెట్టండి" అన్నాను.

"కారణం?"

"ఈ మనుషులు నాకు తెలియదు. ఈ ఊరు నాది కాదు. ఒకరి బతుకు గురించి మాట చెప్పడానికి నేనెవర్ని?"

ఆవిడ కోప్పడలేదు. కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుంది. "మాకు కావలసింది తెలియనివాళ్లే. అతను మంచివాడా చెడ్డవాడా అని మిమ్మల్ని అడగం. ఆ రోజు ఆ కట్ట మీద ఏం జరిగిందో విని, మీరు నమ్మింది చెప్పడమే. అయినా మనసొప్పకపోతే బలవంతం చేయను. భోజనం చేసి రండి. అప్పుడు చెప్పండి."

బయటికొచ్చి సముద్రం ఒడ్డున బెంచీ మీద కూర్చున్నాను. ఆ రోజు కూడా పొగమంచే. నీళ్లు కనిపించడం లేదు, చప్పుడు మాత్రం దగ్గరికొచ్చి దూరం పోతోంది. డబ్బాలో జొన్నరొట్టె, నువ్వు పంపిన చింతతొక్కు. ఒక ముక్క నోట్లో పెట్టుకోగానే అమ్మ మాట ఎందుకు గుచ్చుకుందో తెలిసింది.

అక్కా, ఇది నీకు ఎవరూ చెప్పలేదు. నువ్వూ బావా పుణెలో మట్టిపనికి పోయిన ఏడు మన ఊళ్లో ఒక పెద్దరైతు బోరు మోటరు వైరు పోయింది. నాయన తీశాడన్నారు. వైరు పోయిన రోజు నాయన పాన్‌గల్‌లో పెళ్లిలో ఉన్నాడు. మన వాడకట్టు నుంచి ముగ్గురు ఆయన వెంటే పోయారు, వెంటే తిరిగొచ్చారు. పంచాయితీలో కూర్చున్న పెద్దమనుషులు, "సాచ్చం ఎవలన్న ఉంటే పిలువుండ్రి" అన్నారు. నాయన నన్ను పంపాడు. నాకు అప్పుడు తొమ్మిదేళ్లో పదేళ్లో.

మొదటి ఇంటాయన మంచం మీద లేచి కూర్చుని, "మీ నాయన మంచోడే బిడ్డా. గని నాకు జొరమొచ్చింది. నన్ను ఇడిసిపెట్టుమను" అన్నాడు. రెండో ఆయన, "నాట్లున్నయి, కూలోళ్లు దొరుకుతలేరు, నేను యాడికి రావాలె" అన్నాడు. మూడో ఇంటి తలుపు తెరవలేదు. లోపలి నుంచి ఆయన పెండ్లాం, "ఇంట్ల లేడు" అంది. ఆయన చెప్పులు గడప దగ్గరే ఉన్నాయి. నేను వాటిని చూస్తూ కాసేపు నిలబడి తిరిగొచ్చాను.

తప్పు నాయనదే అయింది. ఆ తర్వాత ఎవరూ ఆయనను పనికి పిలవలేదు. అందుకే మేస్త్రి వెంట గోవా దిక్కు పోయాడు. కూలి ఎక్కువొస్తదని పోయాడని నీకు చెప్పాం. తెలిస్తే బావ గొడవకు పోతాడని అమ్మ భయం. ఊరు విడిచే రోజు నేను ఆ ముగ్గురినీ తిడుతుంటే నాయన ఆపాడు. "ఆళ్లది తప్పేమున్నది బిడ్డా. పెద్దోళ్ల ముంగట నిలవడాలంటే ఎవరికన్న భయమే" అన్నాడు. అంతే. ఆ ఇళ్ల గడపలు మళ్లీ తొక్కవద్దని కూడా అనలేదు. ఈ పేజీ అమ్మకు చదివేటప్పుడు నెమ్మదిగా చదువు. లేదంటే ఆమె పక్కన కూర్చుని చదువు.

బెంచీ మీద కూర్చుని ఆలోచిస్తే, ఆ ముగ్గురి మీద నాకు కోపం మిగల్లేదు. వాళ్లూ చెడ్డవాళ్లు కారు. నాలాగే విడిచిపెట్టమని అడిగారు, వాళ్లను విడిచిపెట్టారు. నేను వెళ్లిపోతే నా కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు, నిజమే. కానీ అందరూ నాలాగే లేచి వెళ్లిపోతే ఆ అద్దాల వెనక మనిషి మాట వినేది ఎవరు? మంచులోంచి ఒక పడవ హారన్ కొట్టుకుంటూ పోయింది. మిగిలిన రొట్టె పక్షులకు వేసి లేచాను.

లోపలికి పోయాక జడ్జి నా వైపు చూసింది. "ఉంటాను" అన్నాను. ఇంకేం అడగలేదు. బైబిలు చేతికిచ్చారు, కార్డు మీది మాటలు చదివాను.

ఆ తర్వాతి రోజులు నాకు కలలోలాగే గడిచాయి. లాయర్ల ఇంగ్లీషు మొదట గాలిలో పోతున్నట్టుండేది, పోను పోను మాటలు నేలకు దిగాయి. అన్న ఊతకర్రల మీద వచ్చి బోనులో కూర్చున్నాడు. "వాడు తోశాడు" అన్నాడు. చెప్పేటప్పుడు నేల వైపే చూశాడు. తమ్ముణ్ణి అడిగితే తన చేతుల వైపు చూసుకున్నాడు. తర్వాత, "నేను చెయ్యి చాపాను. ఆ చెక్కలు తడిగా ఉన్నాయి. తోయడానికి చాపానో పట్టుకోవడానికి చాపానో, అప్పటి నుంచి నన్ను నేనే అడుగుతున్నాను" అన్నాడు. ఆ కట్ట దగ్గర టీ కొట్టు నడిపే ఆమె వచ్చి, అన్న పడగానే తమ్ముడే నీళ్లలోకి దూకాడని చెప్పింది.

మా పన్నెండు మందినీ ఒక గదిలో పెట్టి తలుపు వేశారు. ఫోన్లు తీసుకున్నారు. ఆ గదిలో ఏం మాట్లాడుకున్నామో ఎవరికీ చెప్పకూడదు, అది ఇక్కడి చట్టం. అమ్మ అడిగినా చెప్పను, నువ్వూ అడగకు. కిటికీలోంచి ఒక ఇంటి కప్పు కనిపించేదని, టీ ఎప్పుడూ చల్లారిపోయేదని మాత్రం చెప్పగలను. అమ్మకు ఇంకొకటి చెప్పు. అక్కడ కూర్చున్నంతసేపూ పైనున్నవాడి పని చేస్తున్నట్టు అనిపించలేదు. మనుషుల పనే, చాలా బరువైంది.

నేరం రుజువు కాలేదని చెప్పాం. తమ్ముడు రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. వెనక కూర్చున్న అన్న కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలాడు. అది కోపమో, ఇంకేమిటో నాకు తెలియలేదు.

మాకు సెలవిచ్చాక బస్టాపుకు వచ్చాను. కాసేపటికి అన్న ఊతకర్రలతో వచ్చి ఒక పక్క నిలబడ్డాడు. తమ్ముడు వచ్చి ఇంకో పక్క నిలబడ్డాడు. వాళ్లది ఒకే ఊరు, ఒకే బస్సు. ఇద్దరిలో ఎవరూ నన్ను గుర్తుపట్టలేదు, పట్టినా తల తిప్పుకున్నారేమో. బస్సు వచ్చింది. అన్న ఒక కర్ర లోపల పెట్టి కాలు ఎత్తబోయి ఆగిపోయాడు. తమ్ముడు కదలలేదు. డ్రైవరు వేచి చూస్తున్నాడు. అప్పుడు తమ్ముడు వెనక నుంచి వచ్చి చెయ్యి చాపాడు. అన్న ఆ చెయ్యి వైపు కొంచెంసేపు చూశాడు. తర్వాత చెయ్యి పట్టుకోలేదు కానీ రెండో కర్ర తీసి ఆ చేతిలో పెట్టాడు, ఇనుప కమ్మీ పట్టుకుని తానే ఎక్కాడు. తమ్ముడు ఆ కర్ర మోసుకుంటూ వెనకే ఎక్కాడు. బస్సు మంచులోకి పోయింది. లోపల పక్కపక్కన కూర్చున్నారో వేరువేరుగా కూర్చున్నారో నాకు కనిపించలేదు.

అక్కా, ఎవరైనా ఈ వైపు వస్తుంటే రెండు కిలోల జొన్నపిండి, కాస్త పల్లికారం పంపు. బిజినేపల్లి చిన్నమ్మకు, మన చర్చి పెద్దలందరికీ నా వందనాలు. పిల్లలకు ముద్దులు. బావను బండి మెల్లగా నడపమను. నేను బాగున్నాను, మళ్లీ మళ్లీ చెబుతున్నాను, బాగున్నాను.

ఆదివారం ప్రార్థనలో నా కోసం అడిగేటప్పుడు ఆ అన్నదమ్ముల కోసం కూడా అడగండి. వాళ్ల పేర్లు రాయడం నాకు బాగనిపించలేదు. పేర్లు లేకుండానే అడగండి, వినేవాడికి తెలుసు.

అమ్మ దీవెన, నీ దీవెన కోరుకునే

నీ చెల్లెలు
సువార్త