రాగిలో సగం పరమాణువు

శ్రీవారికి, మీ ఆవిడ నమస్కరించి రాసేది. ఇక్కడ అత్తయ్యా నేనూ కులాసా. ఆవిడ మోకాళ్ళు మాత్రం ఆ లెక్కలోకి రామంటున్నాయి. మీరు పంపిన తైలం రోజూ రాస్తున్నాను. వరండాలో మీ వర్కుబెంచీకి చోటుందా అని అడిగారు. కొలిచి చూశాను, ఉంది.

ఇక మీ అసలు సందేహం. నేను వెళ్ళే రాత్రిబడి పుస్తకంలో రాగి పరమాణువు బరువు అరవై మూడున్నర అని ఉందని నేను రాస్తే, "రోజంతా మోటార్లకు రాగితీగ చుట్టేవాణ్ణి, సగం పరమాణువు నా కంటికెప్పుడూ పడలేదే" అని వెక్కిరించారు. నాకూ అదే అనుమానమొచ్చి సైన్సు మేడమ్‌ని అడిగాను. సగం ముక్క ఏదీ లేదట. రాగిలో రెండు రకాలున్నాయి: ఒకటి అరవై మూడు, రెండోది అరవై అయిదు. అలాగైతే సగటు అరవై నాలుగు కదా అని తొందరపడ్డాను. కానీ నూటికి అరవై తొమ్మిది తేలికవే, బరువైనవి ముప్పై ఒకటే. ఎవరు ఎక్కువమంది ఉంటే సగటు వాళ్ళవైపు మొగ్గుతుంది.

ఆ లెక్క కుట్టుమిషను దగ్గరే వేశాను. 63.62 వచ్చింది, పుస్తకంలో 63.55. రెండు కాలర్లు తలకిందులుగా కుట్టేశాను గానీ తేడా ఎక్కడుందో తేలలేదు. నా గుణింతం సరైనదేననీ, ఆ రెండు రకాలూ నిజానికి పిసరంత తక్కువ తూగుతాయనీ చివరికి మేడమ్ చెప్పారు. ఆ పిసరు ఎటు పోయిందండీ అంటే, అది పైచదువు అన్నారు. అప్పట్నించీ నాకు దాని మీదే ధ్యాస.

ఎలక్ట్రాన్ల దగ్గర ఆవిడతో పోట్లాడాను కూడా. రాగికి ఇరవై తొమ్మిది. వాటిని సర్దడానికి ఓ వరస ఉంది: 4s అనే అర నింపాకే 3d అనే అర. లోపలి అరలు నిండాక మిగిలిన పదకొండింటినీ నేను బుద్ధిగా 4sలో రెండు, 3dలో తొమ్మిది వేశాను. ఆవిడ కొట్టేసి ఒకటి, పది అని రాశారు. రూలు మీరు చెప్పిందేగా అన్నాను. "రాగి నా క్లాసుకు రాలేదమ్మా" అన్నారు. 3d పూర్తిగా నిండితే కుదురుగా ఉంటుందట.

ఇంతసేపూ రాగి చుట్టూ తిరిగానంటే, చెప్పాల్సిన మాటను వాయిదా వేయడానికే. వచ్చేస్తున్నాను, ఇక ఇల్లు కదలను, ఇద్దరం ఒకచోట ఉందాం అని మీరు రాసిన ఉత్తరం వచ్చిన వారంలోనే నాకు సీటొచ్చింది. నీళ్ళు పరీక్షించే ల్యాబులో పని నేర్పే కోర్సు. ఊరు దూరం, హాస్టల్లో ఉండాలి, రెండేళ్ళు. ముందు అత్తయ్యకే చెప్పాను. ఆవిడ బట్టలు మడతపెడుతూ, "వాడు వెళ్ళేటప్పుడు నిన్ను అడిగాడా, చెప్పాడా?" అన్నారు. చెప్పారన్నాను. "అయితే నువ్వూ చెప్పు" అన్నారు.

అందుకే చెబుతున్నాను. చేరతానని నిన్న సంతకం పెట్టి వచ్చాను. మీరు కోప్పడితే పడతాను. నొచ్చుకుంటేనే నాకు కష్టం. ఇన్నేళ్ళు ఎదురుచూసినదాన్ని, తీరా మీరొచ్చే రోజున ఇంట్లో ఉండను. తలుచుకుంటే ఏడుపొస్తోంది. అయినా వెళ్ళాలనే ఉంది. నేను ఉత్తరాలు మానను; ఇక పోస్టుమాన్ కోసం గుమ్మంలో నిలబడే పని మీది.

ఇట్లు,
మీ ఆవిడ