ముందు పుట్టింది అక్క

15 జులై 1999, గురువారం

పుప్పాలగూడ గుడిసెల నుంచి మల్లమ్మను వెంటబెట్టుకుని మా పేపరు వార్త కోసం ఇవాళ బాలికల హోమ్‌కు వెళ్లాను. హైటెక్ సిటీ పక్కన కడుతున్న బిల్డింగులో రాగి తీగ పోయిందని ఆమె కవల పిల్లలిద్దరినీ పోలీసులు పట్టుకెళ్లారు. ఇద్దరికీ పదిహేడేళ్లు. ఇప్పటి చట్టానికి ఆడపిల్ల పద్దెనిమిది నిండేదాకా బాలికే. మగపిల్లవాడు పదహారు నిండితే బాలుడు కాడు. అందుకే లక్ష్మి హోమ్‌లో ఉంది, రాజు జైల్లో ఉన్నాడు.

లక్ష్మి తన సంగతేమీ చెప్పలేదు. "తమ్ముడు బువ్వ తింటుండా అమ్మా?" అంది. తర్వాత నావైపు తిరిగింది. "సార్, ముందుగాల పుట్టింది నేను. నేను పిల్లనైతే వాడు పెద్దోడెట్లయిండు?"

మగపిల్లలకూ పద్దెనిమిది చేస్తూ ఢిల్లీలో కొత్త చట్టం తయారవుతోందని చెప్పాను.

"అది వచ్చేదాంక వాడు ఆడ్నే ఉండాల్నా?"

ఆ మాట నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో మల్లమ్మ, "పేపర్ల వాని పేరు రాయకు సార్. రేపు పనికి ఎవ్వరు పిలుస్తరు?" అంది. వార్తలో ఇద్దరి పేర్లూ రాయలేదు.

ఇందాక మా పేపరు డెస్క్ నుంచి సుబ్బారావుగారు ఫోన్ చేశారు. "అమ్మాయి పేరు వెయ్యకూడదు, సరే. కుర్రాడిది వెయ్యొచ్చు కదండీ? చట్టం అడ్డు లేదుగా."

"లేదండి. కానీ వాడు ఆ పిల్లకు తమ్ముడు. వాడి పేరు వేస్తే ఆమె ఎవరో తెలిసిపోతుంది."

"మరేమని రాయమంటారు, యువకుడనా?"

"తమ్ముడనే ఉంచండి."

ఉంచుతానన్నారు. రేపటి పేపర్లో వాడు తమ్ముడే. ఈ రాత్రి మాత్రం పెద్దవాళ్ల మధ్యే ఎక్కడో పడుకుని ఉంటాడు.